అమ్మా తర్వాత కామా

మా ఆయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతారు. అక్కడందరూ ఆయన్ని కామాగారు అంటారు. కోడిగుడ్డుకి ఈకలు పీకే మనిషికి అంతకంటే మంచి పేరేముంటుంది! పాల ప్యాకెట్ మీద ముక్క చదివినా ఆయన చెయ్యి జేబులో ఎర్ర కలం కోసం వెతుక్కుంటుంది.

ఎవరు ఏం రాసి తెచ్చినా ఆయన చెప్పేది ఒకటే. "ముందు ఒక పూట పక్కన పడెయ్యి. తర్వాత కథ సంగతి మర్చిపోయి, కామాలూ చుక్కలూ మాత్రమే చూస్తూ పైకి చదువు. నాలుక ఎక్కడ తడబడితే అక్కడ ఏదో లోపం ఉన్నట్టే." మంచి సలహానే. కన్నకూతురి దగ్గర మాత్రం ఆ పాటి నెమ్మది కూడా లేకపోయింది.

మా అమ్మాయి మొదటి కథ పత్రికలో పడింది. పరుగెత్తుకుంటూ తెచ్చి, "ఎలా ఉంది నాన్నా?" అంది. ఈయన చదివి, "రెండో పేరాలో కామా పడలేదు," అన్నారు. అంతే! పిల్ల ముఖం చిన్నబోయింది. "నీకు తప్పులే కనిపిస్తాయి, నేను కనిపించను," అని వెళ్ళిపోయింది. అది ఉండేది రెండు వీధుల అవతలే. నాతో రోజూ ఫోన్లో మాట్లాడుతుంది, బజారులో కలుస్తుంది. మా గడప మాత్రం అప్పట్నుంచీ తొక్కదు. ఈయనేమో పంతం వదలరు.

పంతం ఉంటే మాత్రం బెంగ దాగుతుందా? వీధిలో స్కూటర్ చప్పుడైతే చాలు, అమ్మాయి బండేమోనని చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోతుంది. నేను బజారు నుంచి రాగానే, "కనబడిందా? చిక్కిందా?" అని మొదలుపెడతారు.

"ఇంత బెంగ పెట్టుకునే బదులు మీరే పలకరించొచ్చుగా?" అంటే, "నా తరఫున నువ్వు చెప్పు," అంటారు.

"నా నోరు అద్దెకివ్వను," అనేశాను.

మొన్న సెలవు రోజున ఫోను పట్టుకుని కూర్చున్నారు. రాయడం, చెరపడం, మళ్ళీ రాయడం. చివరికి నాకు చూపించారు. "అమ్మా నాన్నకి నిన్ను చూడాలని ఉంది" అని ఉంది.

"మధ్యలో నన్నెందుకు ఇరికిస్తారు? నేను నిన్ననే చూశాను దాన్ని."

"నిన్నెక్కడ కలిపానే? అమ్మా అని పిలిచింది దాన్ని!"

"అయితే పైకి చదవండి."

చదివారు. 'అమ్మా' దగ్గర నాలుక ఆగింది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడింది! నాకు నవ్వాగలేదు. ఆయన మాత్రం నవ్వలేదు. కామా పెట్టి, మళ్ళీ పైకి చదివారు.

"ఇప్పుడు నేనొక్కణ్ణే అడిగినట్టుంది," అన్నారు మెల్లగా. "నిన్ను కూడా కలిపి అడిగితే, అది రాకపోయినా ఎలాగో సర్దుకుంటాను. ఇలా అడిగాక కూడా రాకపోతే?"

"రాకపోతే మళ్ళీ అడుగుదురుగాని. ముందు పంపండి," అన్నాను.

పంపారు. ఫోను బల్ల మీద పెట్టకముందే జవాబొచ్చింది. "వస్తున్నా నాన్నా. ఇంట్లోనే ఉంటావా?"

"ఉంటానమ్మా" అని రాసి పంపేశారు. కిటికీ దగ్గరికి వెళ్ళారు. గుమ్మం దగ్గరికి వచ్చారు. చెప్పుల్లో కాళ్ళు పెట్టేశారు.

"ఎక్కడికండీ? ఇంట్లోనే ఉంటానని ఇప్పుడేగా రాశారు!"

"తప్పు రాశాను," అంటూ గబగబా మెట్లు దిగి దానికి ఎదురు వెళ్ళారు.