గురివింద కన్ను బాతు

మొన్న మా కోడలు ఫోన్‌లో చూసి ఒక స్పీకర్ తెప్పించింది. అట్టపెట్టెలోంచి తీస్తే అచ్చం మా చిన్నప్పటి రేడియో. చెక్క పెట్టె, ముందు పసుపు గుడ్డ, కింద రెండు గుండీలు. గుండీలు తిరగవు, ఉత్తుత్తివి. కొత్త వస్తువు పాతదిలా కనిపించాలని అంచుల్లో వార్నిష్ కూడా పనిగట్టుకుని అరగదీశారు. "పాతకాలం డిజైనత్తయ్యా, ఇప్పుడిదే ఫ్యాషను" అంది. నేను దాన్ని తిరగేసి అడుగున చూశాను. ఏం వెతుకుతున్నారని అడిగితే ఏమీ లేదన్నాను. పేరు వెతుకుతున్నానంటే చాలా చెప్పాల్సి వస్తుంది మరి.

తొంభైల చివర్లో అమలాపురంలో మా పిన్ని ఇలాంటివే తయారుచేసేది. అప్పటికిది ఫ్యాషను కాదు, మా పిన్ని పిచ్చి. బొమ్మలు గీయడం నేర్చుకుంది, పెళ్లి వద్దనుకుంది, ఇంటి ముందు గదిని కొట్టు చేసుకుంది. సైకిలు మీద పాత సామాన్లు కొనే ఆయన ఏ ఇంట్లోనైనా పాత ఆటవస్తువు దొరికితే ముందు పిన్నికే చూపించేవాడు. దాన్ని చూసి ఆమె కొత్తది కల్పించేది. లక్కపిడత ఉప్పుడబ్బా అయ్యేది, బొంగరం సొరుగుకి పిడి అయ్యేది, బొమ్మ రేడియో పెన్సిళ్ల పెట్టె అయ్యేది. మా అమ్మమ్మ ఆ ఉప్పుడబ్బా చూసి, "వంటింట్లో కూడా ఆడుకోవాలంటావేంటే?" అని విసుక్కుని, ఎవరూ లేనప్పుడు అందులోనే వక్కపొడి దాచుకునేది. రంగులు వేయడం నా పని. ఆ గదిలో టర్పెంటైను, రంపపు పొట్టు కలిసిన వాసన ఉండేది. ఇప్పటికీ ఏ వడ్రంగి పక్కనుంచి వెళ్లినా నాకు ఆకలేస్తుంది, ఎందుకంటే మా భోజనాలు కూడా అక్కడే.

సముద్రం ఊళ్ల మీదికొచ్చిన పెద్ద తుఫాను వెళ్లిన మూడో ఏడు, సైకిలాయన ఒక చెక్క బాతు తెచ్చాడు. తాడు కట్టి లాగే చక్రాల బాతు. చక్రాలు కాస్త వంకర, అందుకని నడిస్తే టకటకమంటూ తల ఊపేది. ఎడమ కన్ను నల్లపూస. కుడి కన్ను ఊడిపోతే ఎవరో గురివింద గింజ లక్కతో అతికించారు. ఆ ఎర్ర కన్ను ఎటు తిరిగినా మనల్నే చూస్తున్నట్టుండేది. పిన్ని దాన్ని లోపలి గదిలో అలమారాలో పెట్టి, ఆ ఆకారంలో బెడ్‌లైటు చేసింది. రెండు కళ్లూ నల్లగా, ఒకేలా. విశాఖలో ఒక దుకాణం వాళ్లు వందకి పైగా కావాలన్నారు. అంత పెద్ద పని మాకు మొదటిసారి. ఆ రోజుల్లోనే మధ్యాహ్నం భోజనాలయ్యాక నాకు కునుకు పట్టే వేళకి లోపల టకటక చప్పుడు వినిపించేది. పిన్ని చక్రాలు చూసుకుంటోంది కాబోలనుకునేదాన్ని.

ఒకరోజు ఒకావిడ కొట్టు ముందు ఆగింది. ముప్పై ఏళ్లుంటాయి, సముద్రం ఒడ్డున ఓడలరేవు నుంచి పనిమీద వచ్చిందట. వాళ్లది పడవలవాళ్ల కుటుంబం. బెడ్‌లైటు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"రెండు కళ్లూ ఒకలా పెట్టేసేరేంటండీ?" అంది.

"ఒకలా ఉండవా మరి?" అన్నాను నవ్వుతూ.

"కుడిది గురివింద గింజ కదండీ. మా ఆయనే అతికించేరు."

నా చేతిలో కుంచె ఆగిపోయింది. అసలు బాతుని బయటివాళ్లెవరూ చూడలేదు. పిన్ని లోపలికెళ్లి దాన్ని తెచ్చి ఆవిడ ముందు పెట్టింది. ఆవిడ ఏడవలేదు. బాతుని వాసన చూసింది. తుఫాను నాడు నీళ్లు ఇంట్లోకి వచ్చినప్పుడు నాలుగేళ్ల కూతురు చంకలోనే ఉందట. అల ఒకటి లాగేసుకుపోయింది. పిల్ల మళ్లీ దొరకలేదు.

"తాడు దాని చేతికి చుట్టుకునుందండీ. బాతు దొరికిందంటే పిల్ల కూడా..." అంది.

బాతుని నగరం అనే పల్లెలో ఒక ఇంట్లో కొన్నానని సైకిలాయన చెప్పాడు. మర్నాడు ముగ్గురం బస్సెక్కి వెళ్లాం. కొబ్బరితోటలో పెంకుటిల్లు, ఒక ముసలావిడ. విషయం వినగానే ఆవిడ మమ్మల్ని కూర్చోబెట్టి మజ్జిగిచ్చింది.

"గాలివాన తగ్గేక ఏటిపాయ గట్టున దొరికిందండీ. తాడు లేదు. పిల్ల బొమ్మ కదాని చుట్టుపక్కలంతా వెతికేం కూడానండీ. ఎవరూ కనపళ్లేదు తల్లీ."

"మరి ఇన్నాళ్లుంచుకుని ఎందుకమ్మేసేరండీ?" అంది పిన్ని.

ముసలావిడ వసారా వైపు చూసింది. "ఏం చెప్పమంటారండీ. అందరూ కునుకు తీసే వేళకి ఇక్కడ టకటకా నడిచేది. లేచొచ్చి చూస్తే గోడవారే ఉండేదండీ."

నేను పిన్ని వైపు చూశాను. పిన్ని అప్పటికే నన్ను చూస్తోంది. "నువ్వే అనుకున్నానే" అంది మెల్లిగా.

ఆ తల్లి మాత్రం భయపడలేదు. ముందుకి వంగి, "ఎటేపు నడిచేదండీ?" అని అడిగింది.

"దక్షిణం గుమ్మం వేపమ్మా."

"ఆయ్, మా ఊరేపే" అని, ఆ రెండు రోజుల్లో మొదటిసారి నవ్వింది.

బాతుని ఆవిడే తీసుకెళ్లింది. పిన్ని విశాఖ దుకాణానికి ఫోన్ చేసి బెడ్‌లైట్లు చేయలేనంది. అవతలాయన కేకలు నాకు కూడా వినిపించాయి. ఆ తరవాత ఏ పాత వస్తువు వచ్చినా, "ఇది ఎవరిదండీ?" అన్నదే పిన్ని మొదటి ప్రశ్న. దాన్ని చూసి చేసిన ప్రతిదాని అడుగునా, ఆ పాతదానితో ఆడుకున్న పిల్లల పేరు చెక్కేది. పేరు తెలియకపోతే ఆ వస్తువు ముట్టేది కాదు. కొట్టు పెద్దగా ఎదగలేదు, పిన్నికా దిగులూ లేదు.

ఆవిడ ఏటా ఒకసారి వచ్చేది. మొదటిసారి రేడియో పెన్సిళ్ల పెట్టె కొంది. "మా పాపకండి. మూడో తరగతికొచ్చింది" అంది. నేను నోరు తెరవబోతే పిన్ని నా కాలు తొక్కింది. తరవాతి ఏళ్లలో దువ్వెన్ల పెట్టె, చేతద్దం. ఏటికేడూ పాప వయసు సరిగ్గా ఒక్కో ఏడే పెరిగేది. చివరిసారి వచ్చినప్పుడు, "పరికిణీలు ఇట్టే పొట్టయిపోతున్నాయండీ" అంది సంబరంగా. "ఆయ్, ఆడపిల్లలు కదండీ మరి" అంది పిన్ని.

ఆవిడ వెళ్లాక, పక్క కొట్టు దర్జీ మా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆవిడ కొత్త పరికిణీ కుట్టమని ఇచ్చిందట. కొలతకి తెచ్చిన పాతది, కిందటేడు తను కుట్టినదే, మాకు చూపించాడు. అంచంతా మట్టి కొట్టుకుని ఉంది. మోకాళ్ల దగ్గర వెలిసిపోయింది. ఎవరో ఏడాది పొడుగునా తొడిగి విడిచినట్టుంది.

పిన్ని దాన్ని మడిచి దర్జీ చేతిలో పెట్టి, "రెండంగుళాలు పొడుగుంచండి" అంది, అంతే. కాలం మనందరినీ ఒకే వరసలో నడిపిస్తుందని అప్పటిదాకా నమ్మేదాన్ని. వయసు పైబడుతున్నకొద్దీ, వెళ్లిపోయినవాళ్లకి కూడా ఏళ్లు నిండుతూనే ఉంటాయేమో, మనకే లెక్క తెలియదేమో అనిపిస్తోంది.