ఎర్మెలిందా టీచరమ్మ మోసిన బడి

ఎర్మెలిందా టీచరమ్మకు ఖాళీ బెంచీ కనిపిస్తే ముద్ద దిగదు. పిల్లలు బడికి రాకపోతే బడినే వీపున వేసుకుని బయలుదేరుతుంది. బడంటే ఓ నల్లబల్ల. దాని పట్టీ నుదుటికి తగిలించుకుని ఆవిడ మా వేవేతెనాంగో కొండలెక్కుతుంటే, తలుపేదో నడిచొస్తోందనుకుని కుక్కలు మొరిగేవి.

హాజరు అడగడానికి ఆవిడకు వేళాపాళా లేదు. చర్చిలో ఫాదరు నరకం గురించి చెబుతుంటే వెనకనుంచి, "బెర్నాబే, నిన్న రాలేదేం?" అని వినిపించేది. బెర్నాబే సరే, పక్కనున్న వాడి తాత కూడా లేచి, ఏనాడో తను ఎగ్గొట్టిన బడికి సంజాయిషీ చెప్పుకునేవాడు.

కాఫీ తోటలో కూలికి పోయే రుఫీనాకు మాత్రం ఆవిడంటే ఒళ్ళుమంట. కాఫీ పళ్ళు ఎర్రబడ్డాయంటే ఇంటిల్లిపాదీ తోటలో ఉండాల్సిందే. కూతురు ఎలోయిసా చెయ్యి పడకపోతే గోనె నిండదు, గోనె నిండకపోతే పొయ్యి మీదికి మొక్కజొన్న రాదు. కిందటేడు కోతలకు పోయి ఆ పిల్ల మూడో తరగతి తప్పింది. తోట మేస్త్రీ కూతురు ఏనాడూ బుట్ట పట్టలేదు, ఏనాడూ తప్పలేదు. ఈసారీ ఎలోయిసా తప్పితే బడి మాన్పించేస్తానని రుఫీనా తేల్చి చెప్పేసింది.

మర్నాడు తెల్లారేసరికి కాఫీ చెట్ల మధ్య నల్లబల్ల వెలిసింది.

"ఇక్కడ కోసేవాళ్ళే ఉండాలి టీచరమ్మా," అన్నాడు మేస్త్రీ ఫెర్మీన్.

"అయితే నాకూ ఓ బుట్టివ్వు," అంది ఆవిడ.

అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే వచ్చి, బుట్ట నడుముకు కట్టుకుని, పాఠం చెబుతూ కోసి, బడిగంట వేళకు పరుగున దిగిపోయేది. కోయడమంటే ఏం కోయడం! చూపంతా పిల్ల మీదే, చేతికేది తగిలితే అది తుంచడమే.

"ఏడెనిమిదులు?"

"యాభై ఆరు," అంది ఎలోయిసా.

"రుఫీనా, ఎనిమిదెనిమిదులు?"

"నన్నడుగుతారేంటి టీచరమ్మా, నేను పుట్టినప్పట్నుంచీ గైర్హాజరే."

ఓ సాయంత్రం తూకం దగ్గర రుఫీనా గోనె కుమ్మరించి చూసి మేస్త్రీ మండిపడ్డాడు. "ఇన్ని పచ్చికాయలేంటమ్మా? తోటకి కొత్తా?"

రుఫీనా బిత్తరపోయింది. చిన్నప్పట్నుంచీ కోస్తున్న చేతులవి, పచ్చికాయ తుంచి ఎరగవు. కొండ మొత్తం మీద పచ్చికాయలు తుంచే మనిషి ఒక్కర్తే ఉంది.

"టీచరమ్మ కోసినవన్నీ మన గోనెలోనే పోస్తుందమ్మా," ఎలోయిసా నసిగింది. "చదువుకునేటప్పుడు నేను కోయనుగా, ఆ లోటుకని. చెబితే నువ్వొప్పుకోవంది."

రుఫీనా పచ్చికాయలు ఏరుతూ కూర్చుంది. ముందు కళ్ళు తడిశాయి, ఆ తర్వాత నవ్వొచ్చింది. పక్క వరసల ఆడవాళ్ళు కూడా వచ్చి ఏరసాగారు.

"పంతం ఆవిడకేనా ఉండేది?" అంది రుఫీనా. "రేపట్నుంచి నా పిల్ల బడికి పోతుంది. దాని వంతు కూడా నేనే కోస్తాను."

"తలా దోసెడు మేమూ పోస్తాంలే," అన్నారు వాళ్ళు.

మర్నాడు టీచరమ్మ నల్లబల్ల మోసుకొచ్చి వరసలన్నీ గాలించింది. చెట్ల కిందికి వంగి చూసింది, గోనెల వెనక చూసింది. ఎండెక్కిపోయింది.

"పిల్లేదీ రుఫీనా?"

"బడిలో ఉంది."

"ఏ బడిలో?"

"మీ బడిలోనే. ముందు బెంచీలో కూర్చుంది. గంట వేళ ఎప్పుడో దాటిపోయింది టీచరమ్మా. ఇవాళ రానిది మీరొక్కరే."

తలుపు పరుగెత్తడం కూడా ఆ పూట చూశాయి మా ఊరి కుక్కలు.