చివరి చరణం ముందు నేర్పిన అక్క

నా చిన్నప్పుడు మా పక్కింటి అక్క పాటను చివరి నుంచి నేర్పేది. ఆమె పుట్టిల్లు రాయచూరు వైపు. పెళ్లై మా నెక్కొండకు వస్తూ కన్నడ దాసుల పదాలను వెంట తెచ్చుకుంది. ఆఖరి చరణం నోటికి రానిదే పల్లవి చెప్పేది కాదు. "ఎవరి పాటనో తెల్వకుండ ఏం పాడుతవే?" అనేది. ఆ భక్తకవులు తమ పేరు చెప్పుకోరు. ఒక్కొక్కరికీ గురువు ఇచ్చిన దేవుడి పేరు ఒకటుంటుంది. దానినే ఆఖరి చరణంలో ముద్రగా, సంతకంలా పెడతారు. అది రాగానే అక్క పాడుతూనే చేతులు జోడించేది.

ఒక ఏడు వరంగల్‌లో సంగీత పాఠశాల ప్రవేశ పరీక్షకు అక్కే నన్ను సిద్ధం చేసింది. మా బాపుకు ఇష్టం లేదు. "సీటొస్తే సరే. రాకుంటే ఈ పాటలు బంద్. కుట్టుమిషన్ నేర్చుకుంటది" అని ముందే తేల్చి చెప్పాడు. పరీక్ష రోజు ముగ్గురం రైల్లో వరంగల్ వెళ్లాం.

పరీక్ష గదిలో బాపూ అక్కా తలుపు దగ్గరి బెంచీ మీద కూర్చున్నారు. నేను పాట మొదటి మాట చెప్పగానే పరీక్షకుడు అందరికీ తెలిసిన ఒక పెద్ద దాసుగారి పేరెత్తి, "ఆయనదేగా? పల్లవి, ఒక్క చరణం చాలు. గంట కొడితే ఆపెయ్" అన్నారు. ఆయనది కాదు. అది ఒక స్త్రీ కట్టిన పాట. కన్నడంలో ఏ పదం విన్నా ఆ ఒక్కరి ఖాతాలో వేసెయ్యడం మనవాళ్లకు అప్పుడూ అలవాటే, ఇప్పుడూ అలవాటే. పెద్దల ముందు కాదని చెప్పే ధైర్యం నాకు లేదు.

మొదటి చరణం నిండా గొంతు తిప్పి పాడాల్సిన సంగతులున్నాయి. అవి పలికితే సీటు ఖాయమని అక్కే చెప్పింది. చివరి చరణం సాదాగా ఉంటుంది. పల్లవి పాడుతూ తలుపు వైపు చూశాను. అక్క కళ్లు మూసుకుని ఉంది. బాపు నన్నే చూస్తున్నాడు. నేను చివరి చరణం ఎత్తుకున్నాను. ముద్రకు ఒక్క మాట ముందు గంట మోగింది.

అక్క లేచి నిలబడింది. "సార్, జర ఆ పేరొక్కటి అననియ్యుండ్రి."

"టైమ్ అయిందమ్మా. నెక్స్ట్!"

సాయంత్రం చదివిన పేర్లలో నాది లేదు.

స్టేషన్‌లో బాపు అడిగాడు. "ఆ మొదటి చరణం ఎందుకు పాడలే? రోజూ గోడ అవతల వింటనే ఉన్న గద. అది పాడితే వస్తుండె."

"ఆ సార్ చెప్పినాయనది గాదు బాపూ ఆ పాట. అసలు పేరు చివర్ల ఉంటది."

అక్క నన్ను ఓదార్చలేదు. "ఆపిన కాడికెల్లి ఎత్తుకో బిడ్డా" అంది.

ప్లాట్‌ఫారం మీదే పాడాను. అంతలో మా బండి వచ్చింది. జనం తోసుకుంటున్నారు. నేను ఆగిపోయాను. బాపు సంచి ఎత్తలేదు.

"పాడు. పేరు రానియ్యి. ఇంకో బండుంటది" అన్నాడు.

ముద్ర వచ్చింది. అక్కతో పాటు ఆయనా చేతులు జోడించాడు. బండి వెళ్లిపోయింది. కుట్టుమిషను మాట మా ఇంట్లో మళ్లీ వినపడలేదు.

ఇప్పుడు విన్న ప్రతి కచేరీ గురించీ తేదీ వేసి రాసుకోవడం నా అలవాటు. పాడేవారు ముద్ర వదిలేసిన చోట ఎర్ర సిరాతో గీత గీస్తాను. రాగాన్ని అరగంట సాగదీసేవారికి ఆ ఒక్క పంక్తికి సమయం చాలదా? తన పేరు సైతం దేవుడికి ఇచ్చేసిన మనిషికి మిగిలింది ఆ గుర్తొక్కటే. దాన్ని కోసేసే హక్కు వీరికి ఎవరిచ్చారు? నిర్వాహకులకు చెబుతూనే ఉన్నాను. తల ఊపుతారు, అంతే.

నా దగ్గరికి వచ్చే పిల్లలకు చివరి చరణమే ముందు నేర్పుతాను. వాకిట్లో ఆటో హారన్ మోగగానే వాళ్లు పుస్తకాలు సర్దబోతారు. ముద్ర వచ్చేదాకా లేవనివ్వను. "ఇంకో బండుంటది, పాడుండ్రి" అంటాను.