తడిగుడ్డలో చుట్టిన సీసా

నిన్న మా అమ్మాయి ప్లస్ టూ పుస్తకం నా చేతికిచ్చి తేడాలు అప్పజెప్పింది. డీఎన్‌ఏకి రెండు పోగులు, ఆర్‌ఎన్‌ఏకి సాధారణంగా ఒకటే. అందులో థైమీన్, ఇందులో యురాసిల్. నేత ఇంట్లో పుట్టినవాణ్ని కదా, పోగుల లెక్క నాకు సులువుగానే ఎక్కింది. "డీఎన్‌ఏ గట్టిది నాయనా, శానా కాలం ఉంటాది. ఆర్‌ఎన్‌ఏ బిరీన చెడిపోతాది, ఎండ తగిలితే ఇంకా బిరీన. కరోనాలో ఉండేది అదే" అంది. పుస్తకం మూసేశాను.

కరోనా వచ్చిన ఏడు నేను తిరుత్తణిలో ఒక ల్యాబుకు బండి తోలేవాణ్ని. ముక్కులోంచి తీసిన నమూనాలను ఐసు పెట్టెలో తిరువళ్లూరు చేర్చడమే పని. మా మేనమామకు జ్వరమొస్తే ఆయన నమూనా సీసా నేనే తీసుకుపోయాను. దారిలో కనకమ్మ సత్రం ఊరి దగ్గర టైరు పంక్చరైంది. షాపులన్నీ మూత. మిట్టమధ్యాహ్నం, ఐసు నీళ్లయిపోయింది. నేనేం తక్కువవాణ్నా! తువ్వాలు తడిపి సీసాకు చుట్టాను, మగ్గం మీద పడుగు నూలు ఎండకుండా తడిగుడ్డ కప్పినట్టు. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా. ఎవరికీ చెప్పలేదు. రిపోర్టు నెగటివ్ అని వచ్చింది.

అంతవరకూ గడప దగ్గర కంచం పెట్టి వెళ్లే మా అత్త, ఆ కాగితం చూశాక మామ మగ్గం పక్కనే కూర్చుని మళ్లీ నూలు కండెలు చుట్టింది. పది రోజులకు ఆమెకు ఊపిరాడలేదు. తర్వాత ఆమె లేదు. "రేషను షాపుకు పోవద్దంటి, వినిందా అది?" అని మామ ఏడుస్తూ తిట్టాడు. సీసా గుర్తొచ్చినా నేను తలూపాను. ఎండకు చెడే కాదు, నమూనా సరిగా తీయకపోయినా నెగటివ్ రావచ్చు, ఎవరూ తేల్చలేరు. అయినా తలూపినవాణ్ని నేనే కదా. ప్రతి ఏడూ తద్దినం నాడు ఆయన అదే మాటతో ఆమెను తిడుతూనే ఉన్నాడు.

ఇవాళ పొద్దున పోయి అంతా చెప్పేశాను. మామ మగ్గం ఆపాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను, కొట్టినా బాగుండేది.

"అయితే నా కాడ్నించే అంటుకున్నిందా దానికి?"

"అయ్యుండొచ్చు మామా."

"ఇన్నేండ్లూ దాన్నే తిడ్తి గదరా" అన్నాడు.

నిజం చెప్పడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఆ ఏళ్ల బరువంతా నాదే అనుకున్నాను, సగం తిట్లు పడ్డ మా అత్తది.