పోర్తో నుంచి జెనీవాకు ఒక సీసా నీళ్లు

దెయోలిందా సెకైరా పోర్తోలో ఇరుగుపొరుగు బట్టలు ఇస్త్రీ చేసి బతికే మనిషి. కిటికీ అద్దాలు తుడుస్తూ నిచ్చెన మీంచి పడిన నాటి నుంచి కాళ్లు ఆమె మాట వినవు. చేతులు వింటాయి. చక్రాల కుర్చీలో కూర్చునే ఇస్త్రీ చేస్తుంది.

ఆమె చెల్లెలు ఉండే జెనీవా, ఆకాశమార్గాన పదమూడు వందల కిలోమీటర్ల దూరం. రెండు గంటల ప్రయాణం. ఇది విమానసంస్థ లెక్క. దెయోలిందా ప్రయాణం మాత్రం ముందురోజు సాయంత్రం, నీళ్ల గ్లాసు పక్కకు నెట్టినప్పుడే మొదలయ్యేది. సీట్ల మధ్య నడవాలో పట్టే ఇరుకు చక్రాల కుర్చీ విమానంలో లేకపోతే ఆమె మరుగుదొడ్డికి చేరలేదు. అందుకని తాగడమే మానుకునేది. కిందటిసారి జెనీవాలో దిగగానే సొమ్మసిల్లి, చెల్లెలింటికి బదులు ఆసుపత్రికి చేరింది. ఇంకోసారి ఇలా ఎండగడితే మూత్రపిండాలు దక్కవని డాక్టరు తేల్చి చెప్పాడు.

ఇప్పుడు చెల్లెలి మనవరాలికి జ్ఞానస్నానం. పాపను ఒళ్లో పెట్టుకోవలసిన జ్ఞానతల్లి తనే. ఇరుకు కుర్చీ కావాలని వారం ముందే ఫోన్ చేసి చెప్పింది. అడిగిన ప్రయాణికురాలిని మరుగుదొడ్డి దాకా చేర్చడం విమానసంస్థ విధి అని ఐరోపా నియమం చెబుతోంది. ఆ వాక్యంలో కిలోమీటర్ల ప్రస్తావన లేదు, నిమిషాల మినహాయింపు లేదు. అది దయ కాదు, బాధ్యత.

విమానం ఎక్కే ద్వారం దగ్గర ఉద్యోగిని మార్సియాను ఆమె అడిగింది.

"కుర్చీ ఎక్కించారా, అమ్మాయ్?"

"రెండు గంటలే కదండీ దెయోలిందా గారూ! ఇలా కునుకు తీస్తే అలా జెనీవా."

దెయోలిందా సంచిలోంచి నీళ్లసీసా తీసి, మూత తిప్పి, గటగటా సగం తాగేసింది.

"అయ్యయ్యో, ఏంటండీ ఇది!"

"దాహం తల్లీ. ఇంద, మిగతాది నువ్వు తాగు. నేను దిగేదాకా నువ్వూ ఆపుకో. రెండు గంటలేగా?"

వరుసలో నవ్వులు లేచాయి. వెనకనున్న ముసలాయన గొంతెత్తాడు.

"ఆ పిల్లనెందుకమ్మా? పైవాణ్ణి పిలిపించు, వాడికి పట్టిద్దాం!"

"రమ్మనండి. సీసా ఇంకా ఖాళీ కాలేదు."

పై అధికారి టై సర్దుకుంటూ రానే వచ్చాడు.

"కుర్చీ ఇప్పుడు తెప్పిస్తే ఆలస్యమైపోతుందండీ. తరవాతి విమానంలో వెళ్లండి."

"దాంట్లో ఉందా కుర్చీ?"

అతను మళ్లీ టై సర్దుకున్నాడు.

"వారం కిందటే చెప్పానయ్యా. ఆలస్యం నాదా, మీదా? నేను ఈ విమానమే ఎక్కుతా, కుర్చీతోనే ఎక్కుతా." మిగతా సగమూ తాగి, ఖాళీ సీసాను అతని బల్ల మీద నిలబెట్టింది.

అతను సీసాను చూశాడు, వరుసను చూశాడు. ఆ వరుసలో ఇప్పుడెవరూ నవ్వడం లేదు, ఎవరూ గడియారం చూడటం లేదు. ఫోన్ ఎత్తాడు.

కుర్చీ వచ్చింది. మడత విప్పి, బిగింపులన్నీ తనే లాగి చూసుకున్నాకే దెయోలిందా "పదండి" అంది.

విమానం మబ్బుల పైకి చేరాక పానీయాల బండి ఆమె వరుస దగ్గర ఆగింది.

"మీకేమైనా కావాలాండీ?"

ఇదివరకటి ప్రయాణాలన్నిటిలోనూ ఆ ప్రశ్నకు ఆమె తల అడ్డంగానే ఊపింది.

"కాఫీ," అంది. "పెద్ద కప్పు నిండా."