ఫైర్‌వాల్ ఎత్తేసిన మధ్యాహ్నం

రెండువేల ఐదులో రామచంద్రపురంలోని ఒక చిన్న ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకునేదాన్ని. నేను కాలేజీలో చదవలేదు. అన్నయ్య తెచ్చిపెట్టిన పుస్తకాలతో ఇంట్లోనే కంప్యూటర్లని నడిపే లైనక్స్ నేర్చుకున్నాను. ఈ రోజుకీ ఆ చదువే నాకు అన్నం పెడుతోంది. పొద్దున్నే భీమేశ్వర స్వామికి దణ్ణం పెట్టుకునేటప్పుడు అన్నయ్యనీ తలుచుకుంటాను.

ఆసుపత్రికీ ఇంటర్నెట్‌కీ మధ్య ఒక లైనక్స్ మెషీన్ కాపలా ఉండేది. దాన్ని ఫైర్‌వాల్ అంటారు. మా కంప్యూటర్లన్నీ ఒక జోన్, బయటి ప్రపంచం ఇంకో జోన్. ఏది దాటవచ్చో, ఏది దాటకూడదో అందులో నిబంధనలు రాసి ఉంటాయి. అంతకుముందు వైరస్ పడి నానా అవస్థా పడ్డాం కనక, మెయిలు, వెబ్ తప్ప మిగతా దారులన్నీ మూసేశాను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం సత్యవతి గారిని తీసుకొచ్చారు. వంట చేస్తూ కూలిపోయారట. తలలో రక్తస్రావం. స్కాన్ బొమ్మలు విశాఖపట్నంలోని మెదడు డాక్టరు గారికి పంపాలి. ఆయన తీసుకురమ్మంటే అంబులెన్సు ఎక్కించాలి, వద్దంటే ఇక్కడే ఉంచాలి. బొమ్మలు పంపడానికి ఆయన ఆసుపత్రి వాళ్ళిచ్చిన సాఫ్ట్‌వేర్ వాడటం అదే మొదటిసారి. బొమ్మలు ఫైర్‌వాల్ దగ్గరే ఆగిపోయాయి. ఏ దారి తెరవాలో చెప్పాల్సిన వాళ్ళ ఇంజనీరు ఫోన్ ఎత్తలేదు. ఇక మా జోన్ నిబంధనలన్నీ కాసేపు ఎత్తేయడమే మిగిలింది.

తెరిచిన దారిన ఇంకేదీ పోకుండా ముందు మిగతా కంప్యూటర్ల కేబుళ్ళు పీకడం మొదలుపెట్టాను.

సత్యవతి గారి తమ్ముడు గుమ్మంలో నిలబడి, "ఏంటండీ, తెరవమంటే పీకేస్తున్నారు? మా ధాన్యం కొట్టు తాళమే నయమండి," అన్నాడు.

"నువ్వూరుకోవయ్యా," అన్నారు ఆమె భర్త సూర్రావు గారు. "ఎంతసేపు పడుతుందమ్మా?"

"ఇదిగోనండి, అయిపోవచ్చింది."

నిబంధనలు తీసే ముందు, గంట తర్వాత అవి వాటంతటవే అమల్లోకి వచ్చేలా మెషీనుకి ఆజ్ఞ రాసిపెట్టాను. ఏడుస్తున్న మనుషుల మధ్య నేను మర్చిపోవచ్చు, అది మర్చిపోదు. స్వామిని తలుచుకుని నిబంధనలు ఎత్తేశాను. బొమ్మలు నత్తల్లా కదిలాయి. ఆఖరిదీ దాటింది.

ఫోన్ మోగింది. మా డాక్టరు గారు విని, నెమ్మదిగా పెట్టేశారు. "సూర్రావు గారూ, ఆపరేషన్‌కి అవకాశం లేదంటున్నారండి. కదిపితే దారిలోనే..."

"మరి ఇందాకట్నుంచీ ఆ పెట్టెతో చేసిందేంటండీ?" అని తమ్ముడు నామీద అరిచాడు.

సూర్రావు గారు బయటికెళ్ళి, అంబులెన్సు డ్రైవరుతో "నువ్వెళ్ళు బాబూ" అని, లోపలికొచ్చి భార్య చెయ్యి పట్టుకుని కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళకి ఆవిడ వెళ్ళిపోయారు.

నేను గదికి తిరిగొచ్చేసరికి జోన్ నిబంధనలు ఎప్పుడో అమల్లోకి వచ్చేసి ఉన్నాయి. కేబుళ్ళు వేలాడుతున్నాయి. ఒక్కొక్కటే తిరిగి పెడుతుంటే సూర్రావు గారు గుమ్మంలో ఆగారు.

"ఆ బొమ్మలు వెళ్ళకపోయుంటే రోడ్డు మీద పోయేదమ్మా. చెయ్యి పట్టుకునే ఉన్నాను," అన్నారు.

ఆ తర్వాత కొత్త ఆసుపత్రులకి బొమ్మలు పంపడానికి ఎన్నోసార్లు నిబంధనలు ఎత్తేయాల్సి వచ్చింది. ప్రతిసారీ మూసే ఆజ్ఞే ముందు రాస్తాను. తెరిచిన దారిన ఏ కబురొస్తుందో నా చేతిలో లేదు. అందుకే బొమ్మలు దాటగానే నా పని అయిపోయిందని లేచిపోను. కబురొచ్చేదాకా ఆ మనుషుల దగ్గరే నిలబడతాను.