వానకు వంగని బ్యాటు

1955 ఏప్రిల్‌లో నన్ను కోరాపుట్ జిల్లాకు ట్రావెలింగ్ రిప్రజెంటేటివ్‌గా వేశారు. రాయగడ అప్పటికి ఆ జిల్లాలో ఒక సబ్‌డివిజను. మా కంపెనీ విజయనగరంలో ఉండేది. టెన్నిస్ బ్యాట్లు తయారు చేసి 'గోస్తనీ' అనే పేరుతో అమ్మేవాళ్లం. ఇప్పటివాళ్లు ర్యాకెట్ అంటారు గానీ, మా రోజుల్లో క్లబ్బుల్లోనూ దుకాణాల్లోనూ అందరూ బ్యాటనే అనేవారు. నేనూ అలాగే రాస్తాను.

యజమాని కామేశ్వరరావు గారు కలప వ్యాపారంలోంచి ఇందులోకి వచ్చారు. కాలేజీలో చదివే రోజుల్లో మంచి ఆటగాడు. దేశవిభజన తరవాత పంజాబు నుంచి వచ్చిన ఇద్దరు పనివాళ్లను చేర్చుకుని కార్ఖానా పెట్టారు. పెద్ద కంపెనీల బ్యాట్లు కలకత్తా నుంచి, మద్రాసు నుంచి వచ్చేవి. వాటికి పేరున్న ఆటగాళ్ల సంతకాలు, రంగుల కేటలాగులు ఉండేవి. మాకు అవేవీ లేవు. ఊళ్లో బాగా ఆడేవారి చేతిలో మన బ్యాటు కనిపించాలి, దుకాణం సంగతి ఆ తరవాత అన్నది ఆయన పద్ధతి. కాబట్టి నేను ఏ ఊరు వెళ్లినా ముందు క్లబ్బు సెక్రటరీని కలిసేవాణ్ణి. మంచి ఆటగాడికి ఒక బ్యాటు 'ట్రయల్' మీద ఇచ్చి, కొన్నాళ్లు ఆడనిచ్చి, ఆయన బాగుందన్నాకే బజారులో దుకాణదారు దగ్గరకు వెళ్లేవాణ్ణి.

బ్యాటు గురించి నాలుగు మాటలు చెప్పాలి. తీగలు బిగించని చట్రాన్ని మా వ్యాపారంలో ఫ్రేము అంటారు. పలచటి చెక్క బద్దలను ఆవిరి పట్టి, జిగురు రాసి, అచ్చు చుట్టూ వంచి ఆరబెడతారు. తల, పిడి కలిసే చోటును మెడ అంటాం. అక్కడ రెండు పక్కల బద్దలనూ కలుపుతూ ఒక చెక్కముక్క ఉంటుంది. ఆట బరువంతా ఆ మెడ మీదే పడుతుంది. మేము వాడేది సరేసు, అంటే తోళ్లు, ఎముకలు ఉడికించి తీసే జిగురు. ఎండిపోతే రాయిలా ఉంటుంది, తేమ తగిలితే మెత్తబడుతుంది. అందుకే ఆడడం అయ్యాక బ్యాటును నాలుగు మరలున్న చెక్క ప్రెస్సులో బిగించి పెట్టేవారు.

కామేశ్వరరావు గారు సరేసు మార్చలేదు. తేమ లోపలికి పోకుండా పైన వార్నిష్ పూతలు పెంచారు. ఒక బ్యాటును విజయనగరంలో వానాకాలమంతా ప్రెస్సు లేకుండా గోడకు వేలాడదీసి చూశారు. అది చెక్కుచెదరలేదు. ఆ ఉత్సాహంలో పోస్టరు అచ్చు వేయించారు. బ్యాటు బొమ్మ, దాని కింద పెద్ద అక్షరాలతో 'వానకు వంగదు' అన్న మాట. ఆ మాట ఆయనే రాసుకున్నారు. దాని మీద ఆయనకు చాలా మక్కువ.

రాయగడ బజారులో మా సరుకు పెట్టినవాడు శ్రీరాములు. వాళ్ల నాన్న పార్వతీపురం వైపు నుంచి వచ్చి స్థిరపడ్డాడు. కాగితాలు, కలాలు, ఆట సామాను అమ్మే దుకాణం. పోస్టరును గుమ్మం పైనే కట్టాడు.

"మాట బాగుంది బాబూ. సదివినోడల్లా లోపలికొచ్చి ఓపాలి సేత్తో పట్టుకుని సూస్తన్నాడు. అయితే ఒకటి సెప్పండి, నిజంగా వంగదా?" అని అడిగాడు.

యజమాని స్వయంగా పరీక్ష చేశారని చెప్పాను. అతనికి అది సరిపోయింది. చక్కెర మిల్లు వాళ్లకు, రైల్వే వాళ్లకు ఆ మాట మీదే అమ్మాడు.

కోరాపుట్ క్లబ్బులో మాత్రం అంత సులువుగా సాగలేదు. అక్కడి సభ్యులకు ఆట ఎంత ఇష్టమో బ్యాట్ల గురించి వాదించుకోవడం అంతకంటే ఇష్టం. చీకటి పడి బంతి కనిపించకపోతే వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చునేవారు. బరువు తలలో ఉండాలని ఒకరు, పిడిలో ఉండాలని ఇంకొకరు. రోడ్ల శాఖ ఇంజనీరు గారు బ్యాటును మోకాలికి ఆనించి వంచి చూసి, వంతెన గురించి చెప్పినట్టు చెప్పేవారు. అందరిలోకీ బాగా ఆడేది లేడీ డాక్టరు సుభద్రమ్మ గారు. శ్రీకాకుళం ఆవిడ. ప్రభుత్వాసుపత్రిలో అసిస్టెంట్ సర్జన్. ఆవిడది పాత ఇంగ్లీషు బ్యాటు.

నా పోస్టరును ఆవిడ దగ్గరగా పట్టుకుని చదివారు.

"వానకి వంగదని రాసేరు. ఏ ఊరి వానకండీ?"

"విజయనగరంలో పరీక్ష చేశామండీ."

"అక్కడ కురిసేదీ ఒక వానేనా? ఇక్కడ మబ్బు ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది. పెట్లో చీరలకి బూజు పడుతుంది. ఈ బ్యాటుకి కట్టిన గట్ తీగ, అదే పేగు దారం, ఉంది చూసేరా, దాన్తోనే నేను పేషెంట్లకి కుట్లు వేస్తాను. తడి తగిల్తే అదేటవుతాదో నాకు బాగా తెలుసు. మీ జిగురు సంగతి నాకు తెలీదు. తెలుసుకుందాం, ఒకటి ఇక్కడ వదిలెయ్యండి."

"ప్రెస్సు లేకుండానా?"

"మీరు రాసిందానికి ప్రెస్సెందుకు? పక్కనే నాదీ పెడతాను, ప్రెస్సు లేకుండానే. మీకు అన్యాయం జరగనివ్వను."

తన బ్యాటు పాడైపోతే ఆ కొండమీద ఆవిడకు ఇంకొకటి దొరకదు. అయినా పందెం కాసినట్టు దాన్ని వరండా గోడకు తగిలించేశారు. మాది దాని పక్కన తగిలించాను. జూన్‌లో వానలు మొదలయ్యాయి.

ఆగస్టులో మళ్లీ వెళ్లేసరికి మా బ్యాటు మెడ దగ్గర వేలిగోరు దూరేంత విడింది. తల ఒక పక్కకు తిరిగింది. నేల మీద పెడితే కుంటి పీటలా ఊగింది. ఆవిడ బ్యాటుకు తీగలు వదులయ్యాయి గానీ ఫ్రేము నిటారుగానే ఉంది. సుభద్రమ్మ గారు నవ్వలేదు. "మీ యజమాని గారికి చూపించండి" అని మాత్రం అన్నారు.

విజయనగరం వెళ్లి సంగతి చెప్పాను. బ్యాటును క్లబ్బులోనే ఉంచి వచ్చాను, అక్కడే చూస్తే తప్ప ఆయన నమ్మరని నా ఉద్దేశం. కామేశ్వరరావు గారికి కోపం వచ్చింది.

"ప్రెస్సులో పెట్టకపోతే ఎవరి బ్యాటైనా అంతే."

"ఆవిడదీ ప్రెస్సులో లేదండీ."

"ఇంగ్లీషు బ్యాటుతో మనకి పోటీ ఏమిటయ్యా?"

"పోటీకి వస్తామని పోస్టరులో మనమే రాసుకున్నాం కదండీ."

ఆయన మాట మార్చారు. కొండ ఊళ్లు వదిలేసి మైదానంలో అమ్ముకోమన్నారు. ఆ పోస్టరు ఉన్నంతకాలం నేను ఏ ఊళ్లోనూ కొత్త ఆర్డరు తీసుకోలేనన్నాను. అలాగైతే ఉద్యోగం ఎందుకన్నారు. నాకప్పటికి పెళ్లై ఏడాది. ఇంకో ఉద్యోగం చేతిలో లేదు. కానీ వెనక్కి తగ్గితే శ్రీరాములు ముఖం ఎలా చూడాలో నాకు తోచలేదు.

"తీసెయ్యండి. కానీ ముందు ఒక్కసారి కోరాపుట్ రండి. మీ కళ్లతో చూసి, అప్పుడు నన్ను తీసెయ్యండి" అన్నాను.

ఆయన రారనుకున్నాను. ఆ వారంలోనే చేతిసంచీ, కాన్వాసు బూట్లతో బస్సు దగ్గరకు వచ్చారు. సాలూరు దాటి బస్సు ఘాట్ రోడ్డు ఎక్కింది. మేము పైకి చేరాక వెనక కొండచరియ విరిగి రోడ్డు మూసుకుపోయింది. తిరిగి వెళ్లాలన్నా దారి లేదు.

క్లబ్బు వరండాలో ఆ బ్యాటును చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. ఇంజనీరు గారు జిగురు గురించి, సెక్రటరీ పట్నాయక్ గారు వార్నిష్ గురించి చెప్పబోయారు. కామేశ్వరరావు గారు చెయ్యి అడ్డం పెట్టారు.

"చూస్తే ఏం తెలుస్తుంది? బ్యాటు ఆడడానికి. ఆడాలి."

"మరి ఆడండి. వాన తెరిపిస్తే నేను వస్తాను" అన్నారు సుభద్రమ్మ గారు.

మర్నాడు మధ్యాహ్నం తెరిపి ఇచ్చింది. క్లబ్బు కోర్టు ఎర్ర మొరంది, నీళ్లు త్వరగా ఇంకుతాయి. చీపుళ్లతో గుంటల్లో నీళ్లు తోసి, సున్నం గీతలు మళ్లీ వేశారు. యాభై దాటిన కామేశ్వరరావు గారు పంచె విప్పి పొడుగు నిక్కరు వేసుకుని, మెడ విడిన తన బ్యాటే పట్టుకుని దిగారు. వేరేది తీసుకోమని పట్నాయక్ గారు చెప్పినా వినలేదు.

ఆయన ఆటలో పాత నేర్పు ఇంకా ఉంది. బంతి ఎక్కడ పడుతుందో ముందే తెలిసినట్టు అక్కడికి చేరేవారు. కానీ కొట్టిన బంతి ఆయన అనుకున్న చోటికి పోయేది కాదు. నెట్ దాటవలసింది నెట్‌లో పడేది, గీత లోపల పడవలసింది కంచె దాకా పోయేది. మొదటి సెట్టు ఆవిడ గెలిచారు. ఆయన ముఖం ఎర్రబడిపోయింది. ప్రతి దెబ్బకూ తన చేతి వంక చూసుకుంటున్నారు. బ్యాటు వంక చూడడం లేదు.

సుభద్రమ్మ గారు నెట్ దగ్గరకు నడిచారు.

"ఇప్పుడు నా బ్యాటు మీరు తీసుకోండి. అది నాకివ్వండి."

"ఎందుకమ్మా? ఓడిపోయేను, ఒప్పుకున్నాను."

"మీరు ఓడేరో, బ్యాటు ఓడిందో నాకూ తెలియాలి కదండీ."

మార్చుకున్నారు. రెండో సెట్టులో ఆవిడ బంతులు కంచెకు తగలడం మొదలైంది. కామేశ్వరరావు గారు కొట్టినవి గీత మీద పడ్డాయి.  సెట్టు పూర్తి కాకముందే మళ్లీ చినుకులు మొదలయ్యాయి. అప్పటికి ఆయన బాగా ముందున్నారు. ఇద్దరూ తడుస్తూనే నెట్ దగ్గర నిలబడ్డారు.

"నా చెయ్యే ముసలిదైపోయిందనుకున్నానమ్మా" అన్నారాయన. తరవాత వరండా ఎక్కి, అందరి ముందూ నాతో, "విశ్వనాథం, రోడ్డు తెరవగానే రాయగడ పోదాం. పోస్టరు నేనే దింపుతాను" అన్నారు.

దింపారు కూడా. శ్రీరాములు దుకాణంలో స్టూలెక్కి తానే తాడు విప్పారు. కింద నిలబడ్డ శ్రీరాములు అదిరిపోయాడు.

"ఇదేటి బాబూ! ఆ మాట మీదే కదా అమ్మేను. రేపు మిల్లోళ్లొచ్చి నన్నడిగితే ఏటి సెప్పాలి?"

"వాళ్లొచ్చి అడిగేదాకా ఆగొద్దు. మనమే వెళ్లి చెప్దాం. నువ్వూ రా" అన్నారు కామేశ్వరరావు గారు.

శ్రీరాములుకు అది ఇష్టం లేదు. అయినా దుకాణం తలుపులు దగ్గరగా వేసి, మాతో నడిచాడు. మిల్లు క్వార్టర్లకు, రైల్వే క్వార్టర్లకు, ఆ తరవాత రైలెక్కి మునిగుడకు వెళ్లి, కొన్నవారి దగ్గర మేము రాసింది తప్పని చెప్పాం. కొందరు బ్యాటు తిరిగి ఇచ్చేశారు. కొందరు ప్రెస్సులో పెట్టుకుంటామని ఉంచుకున్నారు. ఒక మిల్లు కెమిస్టు మాత్రం గట్టిగా తిట్టాడు. కామేశ్వరరావు గారు నిలబడి అంతా విన్నారు. శ్రీరాములు మధ్యలో కలగజేసుకుని, "తప్పయిందని ఇంటికొచ్చి సెప్పిన కంపెనీ ఇంకోటుంటే సూపించండి బాబూ" అన్నాడు. అంతకు గంట ముందు దాకా ఆ పని ఇష్టం లేనిది అతనికే.

ఆ తరవాతది కార్ఖానా పని. టీ పెట్టెల ప్లైవుడ్‌కు వాడే కొత్త రకం జిగురు అప్పుడప్పుడే దొరుకుతోంది. రసాయనాలతో చేసినది, ఆరాక తేమకు కరగదు. సరేసులా వేడి చేసి రాస్తే సరిపోదు. పాళ్లు కుదరాలి, బిగింపు ఎక్కువసేపు ఉండాలి. మొదట చేసిన ఫ్రేములు పెళుసెక్కి, తీగలు బిగిస్తుండగానే పగిలాయి. పనివాళ్లు విసిగిపోయారు. ఆయన విసుక్కోలేదు. మరుసటి వానాకాలానికి వేరువేరు పాళ్లతో చేసిన బ్యాట్లు నా చేత కోరాపుట్ పంపారు. సుభద్రమ్మ గారు అదే గోడకు తగిలించారు. కొన్ని విడిపోయాయి, కొన్ని నిలిచాయి. నిలిచినవాటి పాళ్లు పట్టుకుని మళ్లీ చేశాం. ఆ పై ఏడాది తగిలించినవన్నీ నిటారుగానే ఉన్నాయి.

కొత్త బ్యాటుతో ఆవిడ ఒక సాయంత్రమంతా ఆడారు. మెచ్చుకుంటారని ఎదురుచూశాను.

"తల బరువెక్కువండీ. నా చేతికి పాతదే అలవాటు, దాన్నే ఉంచుకుంటాను. కానీ వానకి మాత్రం ఇది నిలబడింది. అది ఎవరడిగినా చెప్తాను."

ఆ మాటను ఆవిడ పేరుతో అచ్చు వేయించుకోవచ్చా అని అడిగాను. ప్రభుత్వోద్యోగి ప్రకటనల్లో కనిపించకూడదు, వీల్లేదన్నారు. కామేశ్వరరావు గారు కూడా వద్దన్నారు. ఆ తరవాత మేము పోస్టరే వెయ్యలేదు. ఏటా వానలకు ముందు ప్రతి క్లబ్బు గోడకూ ఒక బ్యాటు తగిలించడం, వానలు వెళ్లాక సభ్యుల ఎదురుగానే దించడం, అదే మా ప్రచారమైంది. 'గోస్తనీ' పెద్ద కంపెనీ కాలేదు. కానీ నేను ఆ లైను వదిలేదాకా కోరాపుట్‌లోనూ రాయగడలోనూ మా బ్యాట్ల అమ్మకం తగ్గలేదు.

అమ్మకం పని అంటే కొనేవాడికి నచ్చజెప్పడమేనని ఆ ఉద్యోగంలో చేరినప్పుడు అనుకున్నాను. కొనేవాడి ఫిర్యాదు తయారు చేసేవాడి దాకా చేర్చడం కూడా ఆ పనిలో భాగమేనని కోరాపుట్‌లో నేర్చుకున్నాను. కాగితం మీద రాసిన ఫిర్యాదుకు యజమాని దగ్గర ఎప్పుడూ ఒక సమాధానం ఉంటుంది. సరుకు ఎక్కడ చెడిందో అక్కడికి అతన్ని తీసుకువెళ్లాలి. తరవాత నా కింద పనిచేసిన రిప్రజెంటేటివ్‌లు అందరికీ ఇదే చెప్పాను.